తాళం వెనక నీడ

పిల్లల కేంద్రం దగ్గర పొద్దున్నే ఒకటే హడావిడి. తల్లులు చెప్పులు గుమ్మం బయట విప్పి, నీడలు గుమ్మం లోపల వదిలి, బిడ్డకో ముద్దు పెట్టి పనికి పరుగెత్తేవాళ్ళు. ఆయా ఆ నీడల్ని దులిపి, ఎవరిది వాళ్ళ బిడ్డ పక్కన పరిచేది. తల్లి నీడ పక్కనుంటే ఏ పిల్లయినా ఇట్టే నిద్రపోతుంది మరి. సాయంత్రం తొందరలో అవి అప్పుడప్పుడు తారుమారయ్యేవి. "ఏంటే, ఒక్కపూటలో ఇంత లావయ్యానా?" అని నవ్వుకుంటూ మర్నాడు మార్చుకునేవాళ్ళు.

కుట్టు కంపెనీలో పనిచేసే ఒకామె కూతురు, రెండేళ్ళ బుజ్జి, నీడ అంచు గుప్పిట్లో ఉంటే గానీ కళ్ళు మూసేది కాదు. ఆ తల్లీకూతుళ్ళకి ఇంకెవరూ లేరు.

ఒకరోజు మధ్యాహ్నం భుజాన సంచీతో, దగ్గుకుంటూ అధికారి వచ్చాడు. అలవాటు కొద్దీ ఆయా ఆయన నీడ కూడా తీసి ఓ మూల పెట్టింది. ఆయన నిలబడే చెప్పేశాడు.

"ఇకమీదట బడి వయసు రాని పిల్లలకి నిధుల్లేవమ్మా. పెంపకం ఇంటివాళ్ళదే. ఇవాళే మూసేయాలి."

"ఇంట్లో ఎవరుంటారు బాబూ?"

"నన్నడిగితే ఏం లాభం? పైనుంచి వచ్చిన ఆర్డరు."

కబురందుకుని తల్లులు పనులు వదిలి వచ్చారు. ఆయా ఏడుస్తూ, కళ్ళు మసకబారి, అధికారితో సహా అందరికీ అందిన నీడ అందినట్టు ఇచ్చి పంపేసింది. తలుపుకి సీలు పడింది. ఇక మార్చుకునే చోటేదీ?

మర్నాడు కుట్టుపనామె గుండె రాయి చేసుకుంది. పనికి వెళ్ళకపోతే తిండి లేదు, పిల్లతో వెళ్తే లోపలికి రానివ్వరు. బుజ్జిని గదిలో ఉంచి, నీడని పక్కన పరిచి, బయట తాళం వేసింది. నీడ పొడుగ్గా, భుజాన సంచీతో ఉంది. ఎవరిదైతేనేం, పిల్ల ఒంటరిగా ఉండదు కదా అనుకుంది, పాపం.

సరిగ్గా అప్పుడే అధికారి ఆఫీసుకి బయల్దేరాడు. కాళ్ళు ఇంకోవైపు నడిచాయి. కిందికి చూస్తే ఆడమనిషి నీడ, జడ ఊగుతోంది, ఆగమంటే ఆగదే! సందులన్నీ తిప్పి, తాళం వేసిన ఒక తలుపు ముందు నిలబెట్టింది. లోపల పిల్ల ఏడుపు. ఆ వెనకే ఎవరో జోకొడుతున్న చప్పుడు, మధ్యమధ్య దగ్గు. ఆ దగ్గు తనదే! పారిపోదామంటే పాదం లేవలేదు. తల్లి నీడ కదా, బిడ్డని వదిలి ఎలా కదులుతుంది?

సాయంత్రం కుట్టుపనామె వచ్చేసరికి అధికారి గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

"నా నీడ నాకిచ్చెయ్యమ్మా."

"తీసుకోండి సార్. నీడలు మార్చుకున్నా రేపు తాళం వెయ్యాల్సిందే కదా, మరి పిల్లని చూసే మనిషెవరు?"

తల్లి ఇల్లు చేరింది కనక పాదాలు ఇప్పుడు కదిలాయి. ఆయన తన నీడ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

పొద్దున్నే, ఆడమనిషి నీడ ఎంత వెనక్కి లాగుతున్నా, పళ్ళు బిగపట్టి పైఅధికారి దగ్గరికెళ్ళాడు. ఆ జడ నీడ గోడమీద పడగానే గదంతా పసిపిల్ల ఏడుపు. కిటికీలు మూసినా ఆగలేదు.

"ఎక్కడిదయ్యా ఆ ఏడుపు?" పైఅధికారి మొహం పాలిపోయింది.

"మనం తాళం వేశాం కదండీ, దాని లోపల్నుంచి."

నిధులు మళ్ళీ మంజూరయ్యాయి. సీలు అధికారే తీశాడు. కుట్టుపనామె తన నీడ తను తీసుకుంది. ఆయనది మాత్రం నిద్రపోతున్న బుజ్జి గుప్పిట్లో ఉంది.

"పిల్లని లేపనా సార్?" అంది ఆయా.

"వద్దు వద్దు, పడుకోనీ."

ఇప్పటికీ ఆయన ఎండలో నీడ లేకుండానే తిరుగుతాడు. పిల్లలు పడుకునే వేళకి మాత్రం, ఎంత పెద్ద మీటింగులో ఉన్నా, ఆయన కుడిచెయ్యి బల్లమీద మెల్లగా జోకొడుతూ ఉంటుంది.