బ్రోనీ ఇంటి ముందు కుర్చీ

మా ఆయన రోజెల్‌కు జనాభా లెక్కల పిచ్చి. ఉత్తరాలు పంచే ఉద్యోగంలో షికాగో సగం తిరిగిన మనిషి. ఏ పేటలో నల్లవాళ్లెందరు, తెల్లవాళ్లెందరు, మెక్సికన్లెందరు అని పేపర్లో పడ్డ ప్రతి అంకె ఆయన నోటికి వచ్చు. వినడానికి ఎవరో ఒకరు కావాలి కదా. నాకంత తీరిక లేదు. ఆ భాగ్యం ఎదురింటి బ్రోనీది.

బ్రోనీ పూర్తి పేరు బ్రోనియస్, లిథువేనియా వాళ్ల కుర్రాడు. కుర్రాడంటున్నాను గాని డెబ్భై ఎప్పుడో దాటాయి. ఒకప్పుడు మా వీధంతా వాళ్లే ఉండేవాళ్లు. మాలాంటి నల్లవాళ్ల కుటుంబాలు ఒక్కొక్కటీ దిగుతుంటే వాళ్లు ఇళ్లు అమ్ముకుని శివార్లకు పోయారు. పోతూ పోతూ మా కిటికీల మీద రాళ్లేసిన మహానుభావులూ ఉన్నారు. బ్రోనీ వాళ్ల నాన్న ఒక్కడే కదల్లేదు. తర్వాత ఆయన పోయాడు, బ్రోనీ భార్య పోయింది, కూతురు అల్డోనా పెళ్లి చేసుకుని శివారులో కాపురం పెట్టింది. వీధి మొత్తానికి మిగిలిన తెల్లవాడు బ్రోనీ ఒక్కడే.

శనివారం పొద్దున ఇద్దరూ మా వంటింట్లో చేరతారు. బ్రోనీ పందిమాంసం కూరిన బన్నులు తెస్తాడు, నేను కాఫీ పోస్తాను, వాదన మొదలవుతుంది. మావాళ్లందరూ అట్లాంటాకీ హ్యూస్టన్‌కీ పోతున్నారు, ఇంకొన్నాళ్లకు ఈ ఊళ్లో నల్లవాణ్ణి మ్యూజియంలో చూడాలి అంటాడు మా ఆయన. అద్దె ఎక్కడ తక్కువైతే మనిషి అక్కడికి పోతాడు, దానికి రంగెందుకు పులుముతావంటాడు బ్రోనీ. మీ వాళ్లకు మేం టీవీలో ఉంటే ముద్దు, పక్కింట్లో ఉంటే చేదు అని ఈయన. మరి మొన్న వీధి సంఘంలో, మూలనున్న ఇల్లు మెక్సికన్లకు అమ్మనివ్వకూడదని గోల చేసింది మా వాళ్లా అని బ్రోనీ. అక్కడ మా ఆయన బన్ను నములుతాడు. ఎప్పుడూ ఎవరూ గెలవరు. గెలిస్తే మళ్లీ శనివారం ఏం తోచి చస్తారు?

క్రిస్మస్ ముందు బ్రోనీ వాకిట్లో మెట్ల మీద జారిపడ్డాడు. ఎముకలు విరగలేదు గాని చేతికి కర్ర వచ్చింది. ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని అల్డోనా పట్టుబట్టింది. ఆ మాట బ్రోనీ మా వంటింట్లో చెప్పినప్పుడు మా ఆయన కాఫీ కప్పు పక్కకు నెట్టాడు. దిగులుగా ఉందిరా అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? అనలేదు.

"చివరికి నువ్వూ అంతే," అన్నాడు. "మిగతావాళ్లు అప్పుడే పారిపోయారు. నీకు కాస్త ఆలస్యమైంది."

బ్రోనీ మొహం పాలిపోయింది. అంత మాటన్నావా అని కర్ర పుచ్చుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ పై శనివారం రాలేదు, తర్వాతా రాలేదు. వెళ్లి క్షమించమని అడుగు అని నేను పోరు పెట్టాను. పోయేది వాడు, అడిగేది నేనా అన్నాడు మా ఆయన. శనివారం పొద్దున్నే కప్పులు మాత్రం తనకొకటి, బ్రోనీకొకటి తీసేవాడు. ఏ పేట లెక్క తీసినా ముసలివాళ్ల మొండితనం ఒకే పాళ్లలో ఉంటుందని నా అభిప్రాయం.

జనవరిలో మంచు మోకాళ్ల లోతున పడింది. ఆ ఆదివారమే అల్డోనా వస్తుందని, తండ్రిని వెంట తీసుకెళుతుందని వీధిలో అనుకున్నారు. నేను చర్చి నుంచి వచ్చేసరికి మా ఆయన బ్రోనీ ఇంటి ముందు రోడ్డు మీద పార పట్టుకుని మంచు తవ్వుతున్నాడు. గుండెకు ఆపరేషన్ అయిన మనిషి! డాక్టరు పార ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా పసుపు టోపీ ఊడిపోయేట్టు అరిచాను. ఆయన పార ఆపలేదు. ఒక కారు పట్టేంత చోటు శుభ్రం చేసి, మా వంటింట్లోంచి కుర్చీ తెచ్చి దాని మధ్యలో వేశాడు.

మా ఊళ్లో మంచు తవ్వుకున్నవాళ్లు ఆ చోట్లో కుర్చీ వేస్తారు. కుర్చీ ఉన్నంతసేపు చోటు వాళ్లది. చట్టంలో లేదు గాని, మేయరు వచ్చినా ముట్టుకోడు. ముట్టుకున్నవాడి కారు అద్దాలకు ఎవరూ పూచీ పడరు. మన కారు మన ఇంటి ముందే ఉంది కదా, ఇదెవరికి అనడిగాను. అల్డోనాకి అన్నాడు. రాగానే నేను వెళ్లి కుర్చీ తీస్తాలే అని, సోఫాలో ఒరిగి, అలసట కొద్దీ అలాగే నిద్రపోయాడు. నేను ఆయన పాదాలకు మేజోళ్లు తొడుగుతూ, కిటికీలోంచి ఆ పిల్ల కారు కోసం చూడాలన్న సంగతి మరిచిపోయాను.

తలుపు దబదబా చప్పుడైంది. అల్డోనా నిలబడి ఉంది, మోకాళ్ల దాకా తడిసి. వెనక బ్రోనీ, కర్రతో, కోటు కూడా లేకుండా.

"వెర్లీన్ ఆంటీ, నేను ఈ వీధిలో పుట్టి పెరిగినదాన్ని," అంది ఆ పిల్ల. "కుర్చీకి అర్థం నాకు తెలీదా? కారు రెండు వీధుల అవతల పెట్టి నడిచొచ్చాను. మీ తెల్లవాళ్లకిక్కడ చోటు లేదు అని నోటితో చెబితే పోయేది కదా."

పరాయి ఊరిదైతే కుర్చీ పక్కకు నెట్టి కారు పెట్టేసుకునేది. ఇది ఇక్కడి పిల్ల, అందుకే ముట్టుకోలేదు.

బ్రోనీ కూతుర్ని దాటుకుని లోపలికొచ్చాడు. "నేను ప్రతి శనివారం కూర్చునే కుర్చీరా అది," అన్నాడు మా ఆయనతో. "నన్ను పొమ్మనడానికి నీకు అదే దొరికిందా?"

మా ఆయన లేచి కూర్చున్నాడు. మొహం బూడిదలా ఉంది.

"అమ్మాయి కోసం తవ్వాను. కారుకి చోటుంటే తరచూ వస్తుంది. తనే వస్తూ పోతూ ఉంటే నువ్వు పోనక్కర్లేదు కదా అని."

అల్డోనా గోడకు ఆనుకుంది. గుమ్మంలో ఆనించిన తడి పారను ఇప్పుడు చూసింది. ఈ గుండెతో ఎందుకు తవ్వారని మెల్లగా అడిగింది.

బ్రోనీ కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. "మా నాన్నని అప్పట్లో మా వాళ్లందరూ ఇంటికొచ్చి మరీ పొమ్మన్నారు. చర్చిలో ఫాదరూ పొమ్మన్నాడు. ఎవరెవరు ఎందుకు పోయారో నలభై ఏళ్లుగా నాకు నువ్వు చెబుతున్నావు. ఉండమని మాత్రం ఎవరూ అడగలేదురా. నువ్వు కూడా అడగలేదు."

అన్నిటికీ అంకె చెప్పే మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఉండరా, బ్రోనీ. నువ్వు పోతే నాకెవరూ లేరు."

కాఫీ పాత్రతో పక్కనే నిలబడి ఉన్న కట్టుకున్న భార్యను నేను. అయినా ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

బ్రోనీ మెల్లగా సోఫాలో ఆయన పక్కనే కూలబడ్డాడు. నేనెక్కడికీ రావడం లేదని కూతురికి చెప్పాడు. మళ్లీ పడితే ఎవరు చూస్తారు నాన్నా అందామె. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నేను వెళ్లి చూస్తానన్నాను. ఇంటి తాళం నా దగ్గర ఎన్నేళ్లుగానో ఉంది, ఆ సంగతి పాపం ఆ పిల్లకు తెలీదు. అల్డోనా బ్యాగులోంచి కారు తాళాలు తీసి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అంకుల్, కుర్చీ నేను తియ్యొచ్చా?"

"నీ చోటేనమ్మా," అన్నాడు మా ఆయన.