నీళ్ళు తగలని బొమ్మ

సత్యవేణి నడుస్తున్న నేల దళసరి డ్రాయింగ్ షీట్‌లా గరుగ్గా ఉంది, అడుగు వేసినచోటల్లా పాదం కింద లేత గోధుమరంగు మరక ఒకటి పడుతోంది, చుట్టూ ఉన్నది విజయనగరం స్టేషను ప్లాట్‌ఫారమో తాను డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తున్న బడి వరండావో తేలకుండా ఒకదాంట్లోకి ఒకటి జారిపోతున్నాయి. బెంచీ మీద తవిటినాయుడు మాస్టారు కూర్చుని బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్నారు. ఆయన పోయి మూడు నెలలైందని ఆమెకు తెలుసు, పదకొండో రోజు భోజనాల్లో తన చేత్తోనే విస్తళ్ళు వేసి వచ్చింది కూడా. అయినా ఆయన ఇక్కడ ఉండటంలో వింతేమీ తోచదు.

"ఏటమ్మా, ఇంత ఆలస్యం?" అంటారాయన తలెత్తకుండా. "క్లాసు మొదలైపోయింది."

"ఎవరూ రాలేదు కదండీ, మాస్టారూ."

"నువ్వొచ్చీసావు కదా. ఇంకెవరు కావాలేటి?"

ఆమె పక్కన కూర్చుంటుంది. తొమ్మిదో తరగతిలో ఆదివారాలు ఆయన ఇంటి అరుగు మీద రంగు పెన్సిళ్ళు పట్టడం నేర్చుకున్నప్పుడు ఎలా కూర్చునేదో అలాగే, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని పెన్సిలుని నిలువుగా కాకుండా వాలుగా పెట్టిస్తారు, బెంచీ చెక్క ఎప్పుడో కాగితమైపోయింది, దాని మీద పసుపు ఒక పలచని పొర, దాని మీద గులాబీ, దాని మీద ఎవరూ ఊహించని ఆకుపచ్చ కాస్త, చివర్లో ఇటుకరంగు, అలా ఒకదాని మీద ఒకటి పడుతుంటే కింది రంగు పైదాంట్లోంచి తొంగిచూస్తూ, చూస్తూ చూస్తూ ఉండగానే ఒక చెంప తయారవుతుంది.

"మన ఒంటి రంగు ఒక్క పెన్సిల్లో దొరకదని ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు?"

"ఇప్పుడు నేను పిల్లలకి చెప్తున్నానండీ. వాళ్ళూ వినరు."

ఆయన నవ్వుతారు, ఆ నవ్వుకి పెన్సిలు పొట్టు ఒళ్ళోంచి లేచి గాల్లో నిలబడిపోతుంది. ఆ చెంప ఎవరిదో సత్యవేణి అప్పుడు గుర్తుపడుతుంది. అది మాస్టారి భార్య అప్పలనరసమ్మ గారి చెంప, బెంచీ ఇప్పుడు బెంచీ కాదు, తాను ఇంట్లో ఇన్నాళ్ళుగా బీరువాలో దాచిన బొమ్మ.

ఊళ్ళో సగం మంది ముఖాలు గీసిన మనిషి, భార్యని మాత్రం నలభై ఏళ్ళలో ఒక్కసారీ గీయలేదు. చివరికి పన్నెండు రోజులు ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్ళు తగిలితే కరిగే పెన్సిళ్ళతో బొమ్మంతా పొడిగా గీసి, రేపు కుంచెతో నీళ్ళు పెడతానని చెప్పి పడుకుని, తెల్లారి లేవలేదు. కర్మలన్నీ అయ్యాక ఆవిడ ఆ షీటుని పాత దుప్పట్లో చుట్టి తెచ్చి సత్యవేణి చేతిలో పెట్టింది. "నీళ్ళు నువ్వే పెట్టమ్మా. ఆయన కళ్ళకి నేనెలా కనిపించానో ఓసారి చూసుకుంటాను," అంది.

"ఇంకా ముట్టుకోలేదు కదూ?" అంటారు మాస్టారు.

"లేదండీ."

"పనొచ్చిన దానివి. ఎందుకు ముట్టుకోలేదేటి?"

పని వచ్చు. ఆ సంగతి సత్యవేణికి బాగా తెలుసు, బడిలో ఎనిమిదేళ్ళుగా నేర్పుతున్నది అదే. చెయ్యి ఆగిపోవడానికి కారణం వేరే. అది చెప్పాలని అనుకోకముందే బెంచీ కింద ఒక ఇత్తడి చెంబు కనిపిస్తుంది, దాని నీడ నల్లగా కాక ముదురు నీలంగా ప్లాట్‌ఫారం పొడవునా పరుచుకుని ఉంటుంది.

"ఆ నీడ మీరు వేసిందండీ," అంటుంది. "నేను గీసి విశాఖపట్నం పోటీకి పంపిన చెంబు బొమ్మ. నేను మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి మీరు నీలంతో మూడు గీతలు పెట్టేశారు. ఆ నీడ చూసే మొదటి బహుమతి ఇచ్చామన్నారు. నేను స్టేజీ మీదకెక్కి దండం పెట్టి దిగిపోయాను. నీడ మీదని ఒక్కరికీ చెప్పలేదు."

మాస్టారు బ్లేడుని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంటారు. "ఇరవై రెండేళ్ళు దాచావా దాన్ని?"

"మీకు కష్టమనిపించలేదా?"

"అనిపించింది," అంటారాయన తేలిగ్గా. "అబద్ధం ఆడను. చెప్పుంటే సంతోషించీవాడిని. కానీ చెంబు నీదమ్మా, సొట్టతో సహా నీదే. చెంబే లేకపోతే నా మూడు గీతలు ఎక్కడ పడతాయి?" బొమ్మ వైపు చూపించి, "ఇప్పుడు నా బొమ్మలో నీ చెయ్యి పడాలి. పడ్డాక అందరికీ చెప్పు, ఇద్దరం వేశామని. ఆ చెంబు సంగతీ చెప్పు," అంటారు.

సత్యవేణి వెంటనే బొమ్మ మీదికి వంగి, క్లాసులో పిల్లల పని చూసినట్టే చూస్తుంది. "ఎడమ కనుబొమ ఎత్తుగా పడిందండీ."

"పడలేదు. అది ఎత్తుగానే ఉంటాది, నా మీద కోపమొచ్చినప్పుడు. పన్నెండు రోజులూ కోపంగానే కూర్చుంది, వంట ఆలస్యమవుతోందని. దాన్ని దిద్దకు."

"దిద్దను. మొదలు ఇక్కడ, చెంప మీద వెలుగున్న వైపు."

"ఎందుకు?"

"ముదురులోంచి లేతలోకి లాగితే ముఖమంతా మసిబారుతుంది. లేతలోంచి ముదురులోకి వెళ్ళాలి, గీత ఎటు పోతే కుంచె అటు. ముక్కు మీద మెరుపుని ముట్టుకోను, ఆ తెలుపు కాగితానిదే."

"మరి నన్నేటి అడుగుతావు?"

"అడగలేదండీ. చెప్తున్నాను."

మాస్టారు గట్టిగా నవ్వుతారు, ఆ నవ్వులోంచే వాన మొదలవుతుంది, పట్టాలు రెండూ నీలం గీతలై కరిగి ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి, గోరువెచ్చని నీళ్ళు ఆమె చీలమండల దాకా, తర్వాత మణికట్ల దాకా, పొడిపొడిగా ఉన్న స్తంభాలూ గంటా ఆయన చొక్కా అంచూ అన్నీ మెత్తబడి ఒకదాన్నొకటి అందుకుంటుంటే, రైలు కాని రైలొకటి వచ్చి ఆగుతుంది. ఆయన తొందరేమీ లేకుండా ఎక్కి, కిటికీలోంచి వంగి, అరుగు మీద పాఠం చెప్పే గొంతుతోనే అంటారు, "నీళ్ళు మార్చుకుంటూ ఉండమ్మా. మురికి నీళ్ళతో వెయ్యకు."

"అలాగేనండీ," అని అంటూనే ఆమె కళ్ళు తెరుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. ఈరోజైనా మొదలుపెడదామని బొమ్మని బల్ల మీద పరుచుకుని, చూస్తూ చూస్తూ అలాగే తల వాల్చి నిద్రపోయింది. మెడంతా చెమట. కుడి అరచెయ్యి షీటు మీదే ఉంది. చేతిని జరపకుండా నిటారుగా పైకి ఎత్తుతుంది. దాని కింద, అప్పలనరసమ్మ గారి కొంగు దగ్గర, విడివిడిగా ఉండిన నీలం గీతలన్నీ చెమటకి కరిగి కలిసిపోయి, ఇంకా తడిగా, నిజం చీర గుడ్డలా మెరుస్తున్నాయి.