గోడ వెనక గొంతు

స్విచ్చు వేసి, వాల్వులు ఎర్రబడే దాకా పిడుగక్క గిటారు మోత పెంచే ఆంప్ పెట్టె వెనకాలే గొంతుక్కూర్చుంది. గాజుబుడ్ల అడుగున సన్నటి మెరుపు పుట్టి, మెల్లగా నారింజరంగై పాకింది. నిద్ర లేవగానే పరుగెత్తమంటే ఎవరు మాత్రం పరుగెత్తుతారు? డాన్సు హాల్లో గిటారు వాయించే పనికి కుదిరిన నాటినుంచీ ఆమె రోజు ఈ వెచ్చదనం ముందే మొదలవుతోంది. మనిషి బక్కపలచన. భుజాన గిటారు తగిలించుకుంటే గిటారే ఆమెను మోస్తున్నట్టుంటుంది. పిట్ట కొంచెం కూత ఘనమని నవ్వినవాళ్ళే ఆ పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిచే అక్క పోయాక అదే మిగిలింది.

మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, మేడమీదవాళ్ళు నా పీకమీద కూర్చున్నారు. డ్రమ్ములైతే ఓర్చుకుంటారట, గిటారే నేల చీల్చుకుని వస్తోందట. ఇవాళ్టినుంచి తగ్గించండి. లేదంటే ఆ చిన్న ఆంప్ పెట్టెతో కానిచ్చెయ్యండి."

"తగ్గిస్తే ఇది పలకదు బాబూ."

"పసిపిల్ల నిద్రపోవట్లేదటండీ."

పసిపిల్ల అనేసరికి ఆమె ఆంప్ వైపు తిరిగింది.

అతను వెళ్ళాక తగ్గించి చూసింది. నీళ్ళు కలిపిన పాలలా ఉంది. వాల్వులను వాటి ఓపిక అంచుదాకా తరిమితేనే స్వరం కొసన కొంచెం చిట్లుతుంది, చిక్కబడుతుంది, మీటిన వేలు తీసేశాక కూడా నిలబడి పాడుతుంది. చిన్న పెట్టెలోంచి వచ్చేది అప్పజెప్పిన పాఠం.

డ్రమ్ములు వాయించే బావ, అంటే పోయిన అక్క భర్త, టీ గ్లాసుతో వచ్చి సంగతి విన్నాడు.

"ఎందుకమ్మాయ్ ఈ అగచాట్లు? చిన్నదాంతో వాయిస్తే ఎవడు కనిపెడతాడు?"

"నేను కనిపెడతాను బావా."

ఆయన గ్లాసు కింద పెట్టి చొక్కా చేతులు మడిచాడు. అక్క ఉన్న రోజుల్లోనూ అంతే. అక్కాచెల్లెళ్ళు ఒకటనుకున్నాక వాదించి లాభం లేదని ఆయనకు ఏనాడో తెలిసిపోయింది.

వేదిక గోడకు అవతల విరిగిన కుర్చీలు పడేసే కొట్టు ఉంది. ఇద్దరూ ఆంప్‌ను అందులోకి మోశారు. బరువైన వైపు ఎప్పటిలాగే బావది. ఎప్పుడూ లేనిది, మధ్యలో ఒకసారి దించాడు. గిటారు నుంచి వచ్చే వైరును గోడలోని గాలిరంధ్రంలోంచి దూర్చారు. వాల్వులు చల్లారాక ఆమె నాలుగు పెద్దవాటిలో రెండింటిని తీసి గుడ్డలో చుట్టింది, స్పీకరు స్విచ్చును దానికి తగ్గట్టు మార్చింది. మోత తగ్గింది గానీ, ఏనుగు మీంచి ఎలక దిగినంతే. పాత పరుపులు తెచ్చి చుట్టూ నిలబెట్టారు. కప్పుకు తెరలు కట్టారు. స్పీకరు ముందు మైకు పెట్టి దాని తీగను హాల్లోని స్పీకరు పెట్టెలకు కలిపారు. ఇక ఆంప్ ఇక్కడ ఎంత అరిచినా హాల్లో ఎంత కావాలో అంతే.

"నువ్వు మీటుతూ ఉండు, నేను మైకు జరుపుతాను," అంది.

స్పీకరు నడిబొడ్డుకు గురిపెడితే స్వరం సూదిలా గుచ్చింది. అంచుకు తీసుకెళితే దుప్పటి కప్పుకుంది. చెమటతో కళ్ళు మండుతున్నా వదలకుండా వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోయింది. గోడ అవతల బావ మీటడం రెండుసార్లు ఆగిపోయింది.

"ఏమైంది బావా?"

"వేళ్ళు జారుతున్నాయ్, చెమట!"

చివరికి స్వరం దొరికింది. ఆయన్ని వాయిస్తూనే ఉండమని చెప్పి మేడెక్కి తలుపు తట్టింది. భుజాన పసిపిల్లతో ఓ అమ్మాయి తీసింది.

"వినబడుతోందా అమ్మా?"

"ఏం వినబడాలండీ?"

పిడుగక్క మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఆ సాయంత్రం హాలు నిండింది. నెమ్మది పాటలో పైస్వరం మీద వేలు నొక్కిపట్టి వణికించింది. కొట్టులోని పరుపుల మధ్యనుంచి అది చిక్కగా, గరగరగా, గుండె నిండిన మనిషి గొంతులా వచ్చి నిలిచింది. డాన్సు చేసేవాళ్ళు ఎవరూ తల తిప్పలేదు. వెనక డ్రమ్ము మాత్రం ఒక దెబ్బ తప్పింది. ఆమె తిరిగి చూస్తే బావ కర్ర పట్టుకుని వింటున్నాడు.

అందరూ వెళ్ళాక ఆయన డ్రమ్ములకు గుడ్డ కప్పుతూ అన్నాడు.

"నిజమేనమ్మాయ్. చిన్నదాంతో ఇది రాదు." గుడ్డ అంచు సర్దాడు. "రేపట్నించి నేను రాను. వేళ్ళు చెప్పినమాట వినట్లేదు. తమ్ముడి ఊరెళ్ళిపోతున్నా, పొద్దున్నే బస్సు."

"డాక్టరుకి చూపిద్దాం బావా."

"చూపించా. ఇద్దరికి." నవ్వాడు. "నువ్వు మాత్రం తగ్గించకు. వెళ్ళు, తాళం నేను వేసుకుంటా."

ఆమె ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది తన చేతుల్లో సన్నగా వణుకుతూనే ఉంది. చెమట లేదు.

మర్నాడు ఒంటరిగా కొట్టు తెరిచింది. ఆంప్‌ను గోడకు దగ్గరగా జరపాలని నడుం బిగించి, పళ్ళు కరిచి నెట్టింది. అది చటుక్కున జారి ముందుకు పోయింది. తుళ్ళిపడి వంగి చూసింది. పక్కన, బావ డ్రమ్ములు తోసుకొచ్చే బండి ఒట్టి చెక్కై గోడకు ఆని ఉంది. ఆంప్ అడుగున ఆ బండి చక్రాలు నాలుగూ బిగించి ఉన్నాయి. వాటిలో వదులైన ఒకదానికి, ఊడిపోకుండా, పాత డ్రమ్ము తోలు ముక్క చుట్టి ఉంది.