గ్రీజు రాసిన మూతలు

మీకు తెలుసు. తెలిసే చేశారు. మూతకింద వేసే రబ్బరు దగ్గర కక్కుర్తిపడి మనుషుల్ని సముద్రం మీదికి తోశారు. ఓనరుగారూ, మిమ్మల్నే! తనిఖీకి వచ్చి సరుకు బాగుందని తలూపి సంతకం పెట్టిన పెద్దమనిషీ, నిన్ను కూడా! రేపు ఏదైనా జరిగితే పనివాళ్ల నిర్లక్ష్యం అని చేతులు దులుపుకుంటారు. అందుకే ఇవాళ మీ షెడ్డులో ఏం జరిగిందో వినండి.

మధ్యాహ్నం దాటినా ఎవరూ తిండికి లేవలేదు. సాయంత్రానికల్లా కయాక్‌లు లారీ ఎక్కాలి. నెత్తిన రేకులు కాలిపోతున్నాయి. పడవ అచ్చుల్లో పోసే రెజిన్ వాసనకి కళ్లు మండుతున్నాయి. ఫైబరు నూగు మెడ మీద చేరి ఒకటే దురద. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది.

సముద్రపు కయాక్ అంటే మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి, పొడుగాటి పడవ. కూర్చునే చోటికి ముందొక అర, వెనకొక అర. మధ్యలో అడ్డగోడలు, పైన మూతలు. ఆ అరల్లో గాలి ఉన్నంతసేపే అది పడవ. నీళ్లు చేరాయా, ఇక మనిషిని అడుక్కి లాగే బరువు.

మూతలు బిగించేది వదిన. షెడ్డులో అందరికీ ఆమె వదినే. మునుపటి రబ్బరు మందంగా ఉండేది, నొక్కితే మళ్లీ పైకి లేచేది. ఇప్పుడొచ్చేది నొక్కితే నొక్కినట్టే చచ్చి పడుంటుంది. అడ్డగోడల జిగురు రాత్రంతా ఆరాలి. ఇప్పుడు దాని ముందు ఫ్యాను పెట్టి, పచ్చి ఉండగానే రంగు కొట్టేస్తున్నారు.

తయారైన కయాక్‌ని నీళ్లతొట్టిలో బోర్లించి, తీసి, మూత తెరిచి లోపల చెయ్యి పెట్టి చూడాలి. కొత్త రబ్బరు వచ్చాక చేతికి తడి తగలని రోజు లేదు. దానికి మేస్త్రి కనిపెట్టిన మందు గ్రీజు. మూత అంచు చుట్టూ వేలితో గ్రీజు పూస్తే తొట్టిలో చుక్క దిగదు. పాసు ముద్ర పడిపోతుంది. వదిన కూడా పూసింది. చెప్పిన పని చెయ్యనివాళ్లకి ఆ షెడ్డులో చోటు లేదు.

లారీతో వదిన తమ్ముడు వచ్చాడు. సరదాకి వచ్చేవాళ్లని సముద్రం మీద తిప్పి ఒడ్డుకి చేర్చడం అతని పని. ఈ కయాక్‌లు వాళ్ల కంపెనీకే, ఇదివరకటివీ ఇక్కణ్ణుంచే వెళ్లాయి. మోచేతికి కట్టు ఉంది.

"ఏరా, ఆ చేతికేమైంది?"

"సముద్రం షేక్‌హ్యాండ్ ఇచ్చిందిలే అక్కా."

"వేషాలు చాలు. చెప్పు."

పోయిన వారం ఒకామెని తీసుకెళ్లాడట. అరిచినా ఒడ్డుకి వినబడని దూరంలో ఆమె కయాక్ ముక్కు దిగబడిపోయింది. ముందు అర నిండా నీళ్లు. తన కయాక్‌కి తాడు కట్టి లాక్కొస్తుంటే అల విసురుకి మోచెయ్యి రాళ్లకి కొట్టుకుంది.

"నువ్వే మూత సరిగ్గా వెయ్యలేదంటాడు మా మేనేజరు. కూలీలో కోత కూడా పెట్టాడు. వేశానక్కా! పట్టీ లాగి మరీ బిగించా. నాకంటే శుభ్రంగా ఎవడు చూస్తాడు వాటిని? ఆ గ్రీజుకి ఇసుక పట్టి అసహ్యంగా ఉంటుందని రోజూ మూతలన్నీ సబ్బుపెట్టి తోముతా. అద్దంలా ఉంటాయి, తెలుసా?"

వదిన చెయ్యి మూత మీద ఆగిపోయింది.

"సబ్బుపెట్టి తోముతున్నావా?"

"కడక్కూడదా?"

"ఒరేయ్, నీళ్లని ఆపేది ఆ గ్రీజేరా. రబ్బరు కాదు."

పనిని ప్రేమించి చేసినందుకే ఒక మనిషి మునగబోయింది.

"అయితే కడగనులే."

"కడక్కపోయినా ఉప్పునీళ్లకీ ఎండకీ అదే పోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావక్కా?"

ఆమె గ్రీజు డబ్బాని పక్కకి నెట్టేసింది.

"అక్కాతమ్ముళ్ల ముచ్చట్లు పండక్కి పెట్టుకోండి!" మేస్త్రి కేకేశాడు. "ఆ చివరి కయాక్‌కి గ్రీజు ఎవరు పూస్తారు, మా తాతా?"

"నేను పూయను."

"ఏంటమ్మా?"

"పూయనన్నా. రబ్బరు మార్చండి. అప్పటిదాకా ఇవి ఆపండి. రేపు పొద్దున వీటిలో కూర్చునేది నా తమ్ముడు."

మేస్త్రి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మార్చడం నా చేతుల్లో ఉంటే మార్చనా తల్లీ? పైన చెప్పా. పాసవుతున్నాయిగా, నీ బాధేంటన్నారు," అంటూ తన వేలే డబ్బాలో ముంచాడు. కయాక్‌ని తొట్టిలో బోర్లించారు, తీశారు. లోపల పొడిపొడిగా ఉంది. పాసు ముద్ర పడింది.

వదిన ఓనరు గదిలోకి వెళ్లింది. అద్దాల గది, చల్లగా ఉంది. ఆయన తల ఎత్తకుండానే విన్నాడు.

"అంత భయమైతే నీ తమ్ముణ్ణి మాన్పించు."

"వాడు మానితే ఇంకెవరి తమ్ముడో కూర్చుంటాడు కదా సార్?"

"అది నీకనవసరం. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె బయటికొచ్చేసరికి తమ్ముడు లారీ మీద తాళ్లు బిగిస్తున్నాడు. షెడ్డులో అందరూ చూశారు. అందరూ మళ్లీ పనిలోకి తల దించుకున్నారు.

"దిగరా."

"దిగితే నా పనీ పోతుందక్కా. ఇంట్లో ఒక్కరికైనా ఉండాలిగా." కాస్త నవ్వబోయాడు. "నాకు ఈతొచ్చులే."

"నీకొచ్చు. నీతో వచ్చేవాళ్లకి?"

అతను ముఖం తిప్పుకుని ఇంకో ముడి వేశాడు. లారీ కదిలింది. గేటు దాకా ఆమె దాని పక్కనే నడిచింది. గేటుబయట అది వేగం అందుకుంది. ఇక అందలేదు.

ఓనరుగారూ, ఆ లారీ ఇంకా దారిలోనే ఉంది. విచారణలు, కమిటీలు, సంతాపాలు, మీకు అలవాటైనవన్నీ తర్వాత. ఆ కయాక్‌లని నీళ్లలోకి దించొద్దని చెప్పండి. ఇదివరకు అమ్మినవన్నీ వెనక్కి రప్పించండి. పూయనన్న మనిషిని మళ్లీ పనిలోకి పిలవండి. తెల్లారేసరికి ఒడ్డున జనం వరస కడతారు. పిల్లల్ని చంకనెత్తుకుని మరీ వస్తారు. మీ బల్లమీద ఫోనుంది. తియ్యండి. ఇప్పుడే!