రోజుకి ఒక్క మాత్ర

చేప వాసన గురించి మొదట నోరు జారినవాడు లారీ డ్రైవరు. పగలంతా లారీ నడిపి, సాయంత్రం జిమ్‌కి వచ్చి, పెద్ద బాక్సర్ల చేత దెబ్బలు తిని సంతోషంగా ఇంటికి వెళ్ళే మనిషి. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

"ఏంటి గోడన్నా, చేపల మార్కెట్ నుంచి తిన్నగా ఇటే వచ్చావా?" అన్నాడు గ్లవ్స్ బిగించుకుంటూ.

జిమ్‌లో ఉన్న నలుగురూ నవ్వారు. గోడ నవ్వలేదు. ఎన్ని దెబ్బలు తగిలినా కదలడని ఇరవై ఏళ్ళ కింద ఎవరో పెట్టిన పేరది. గంట మోగిన అర నిమిషానికి లారీ డ్రైవరుని తాళ్ళ దాకా నెట్టుకెళ్ళాడు. ఎడమచేత్తో పక్కటెముకల కింద ఒకటి దిగ్గొట్టాడు. డ్రైవరు వంగేసరికి కుడిచెయ్యి ముక్కు మీద పడింది. పుల్ల విరిగిన చప్పుడైంది. ముక్కు చెంప వైపు తిరిగిపోయింది, రక్తం ఛాతీ మీదికి కారింది. అది స్పారింగ్, అంటే ఒళ్ళు వేడెక్కించుకోవడానికి ఆడే ఆట. అక్కడితో ఆపాలి. గోడ ఆపలేదు. పడ్డవాడి మీద మోకాలు మోపి మరో నాలుగు గుద్దాడు. కోచ్ ఒక రెక్క, అందరూ దూది అని పిలిచే మనిషి ఒక రెక్క పట్టుకుని లాగితే గాని లేవలేదు.

పది నిమిషాల తర్వాత కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా పోతున్న నీళ్ళని చూస్తూ అడిగాడు.

"లారీ వాడు ఇవాళ రాలేదేంట్రా?"

దూది చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు.

దూది అంటే గోడకి స్వయానా బావమరిది. ఊరందరికీ గోడ అయినవాడు అతనికి బావ. బౌట్ అంటే పోటీ జరిగేటప్పుడు కార్నర్‌లో, రింగ్ మూలన నిలబడి, రౌండుకీ రౌండుకీ మధ్య దొరికే ఒక్క నిమిషంలో గాయాలకి మందద్ది రక్తం ఆపడం అతని వృత్తి. చెవి వెనక ఎప్పుడూ ఒక దూది పుల్ల ఉంటుంది కాబట్టి ఆ పేరు. బావ ముఖం మీద చర్మం ఎక్కడ ఎంత పలచనో కట్టుకున్న అక్క కన్నా అతనికే బాగా తెలుసు. కాని చర్మం కిందా, ఎముక కిందా ఏం కారిపోతోందో, దానికి ఏ దూది అద్దాలో అతనికి తెలియలేదు.

ఏడాదిగా ఇదే వరస. బావ పొయ్యి వెలిగించి మర్చిపోతున్నాడు. చెప్పిందే చెబుతున్నాడు. ఈ మధ్యే దూది ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. కోలిన్ అనే పదార్థం ఉందట, మెదడులో జ్ఞాపకశక్తికి అదే ముడిసరుకట, మాత్రలుగా దొరుకుతుందట. మునిగేవాడికి గడ్డిపరక కూడా దుంగలా కనబడుతుంది. వెంటనే వెళ్ళి అరవై మాత్రల సీసా కొనుక్కొచ్చి బావ కిట్‌బ్యాగులో పెట్టాడు. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది, రోజుకి ఒక్కటి అని.

సీసా కొన్న వారానికి బౌట్. చివరిది. అందుకు దూది రెండు మాటలిచ్చి ఉన్నాడు. ఒకటి బావకి.

"ఇరవై ఏళ్ళు కొట్లాడాను. రింగ్‌లోంచి నిలబడి దిగాలి. నువ్వు తువ్వాలు విసిరి బౌట్ ఆపించావనుకో, పళ్ళు రాలగొడతా" అన్నాడు బావ నవ్వుతూ. సరేనన్నాడు దూది.

రెండోది అక్కకి. "గెలుపూ వద్దు ఓటమీ వద్దు. మనిషిని మనిషిగా ఇంటికి తీసుకురా తమ్ముడూ" అంది. దానికీ సరేనన్నాడు. కత్తులు రెండూ ఒకే ఒరలో పట్టవని తెలిసినా ఇద్దరికీ తలూపిన పిరికితనం అతనిది.

బౌట్ రోజు మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో, బావ చేతులకి కట్టు కట్టడానికి గాజుగుడ్డ కోసం బ్యాగులో వెతుకుతుంటే సీసా చేతికి తగిలింది. తేలిగ్గా ఉంది. మూత తీశాడు. అడుగున నాలుగు మాత్రలు. రెండు నెలలు రావలసిన సీసా అది, తెరిచి వారమే అయింది.

"కోచ్, ఈ మాత్రలు మీరేమైనా ఇస్తున్నారా?"

"ఇవ్వనా మరి? మధ్యాహ్నం రెండు. బౌట్ దగ్గర పడింది కదాని."

"నన్నో మాట అడగొచ్చుగా!"

"కార్నర్‌లో అడుగుతామట్రా? నిమిషమే టైము. నీళ్ళవాడు నీళ్ళు పడతాడు, నువ్వు దూది అద్దుతావు, నేను చెప్పేది చెబుతా. ఎవడి పని వాడిదే. ఇరవై ఏళ్ళుగా అంతేగా."

అక్కకి ఫోన్ చేశాడు. "పొద్దున్నే రెండు నేనే ఇస్తున్నాన్రా. ఆయనే అడిగి ఇంకో రెండు వేసుకుంటున్నారు. ఏం, వేసుకోకూడదా?" అంది.

రాత్రి రెండు ఇస్తున్నది దూదే. ముగ్గురూ ఇంటినే కార్నర్ చేసుకున్నారు. ఎవరి ప్రేమ వారు వడ్డించారు, పక్కవాడు వడ్డించాడా అని ఒక్కరూ చూడలేదు. తిన్నవాడికి తిన్నట్టు గుర్తుంటేగా.

బల్ల మీద కూర్చున్న బావ చెయ్యి చాపాడు. "అవేనా జ్ఞాపకశక్తి మాత్రలు? ఇటు తే. తెచ్చి వారమైంది, ఒక్కటైనా ఇచ్చిన పాపాన పోలేదు మీరు."

దూది తేరుకునేలోపు సీసా లాక్కుని రెండు మింగేశాడు. అతని నుదుటి మీద అప్పుడే చెమట ధారగా ఉంది. చేప వాసన గదంతా కమ్మింది.

దూది వరండాలోకి పరుగెత్తి సీసా అమ్మిన మందుల షాపు ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని కేకలేసింది.

"రోజుకి ఎనిమిదా? అన్ని మింగితే ఒళ్ళు చేప వాసన రాక ఏం చేస్తుంది? వాంతులు, చెమటలు, బీపీ పడిపోతుంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఆపేస్తే సర్దుకుంటుందిలే గాని, ఇవాళ్టికి మెట్లు కూడా ఎక్కనివ్వకండి. డాక్టరుకి చూపించండి."

"మరి జ్ఞాపకశక్తి?"

"రెండు గుడ్లు తింటే ఒంటికి కావలసిన దాంట్లో సగం అందులోనే వస్తుంది బాబూ. దెబ్బలకి పోయిన జ్ఞాపకం మాత్రలకి తిరిగొస్తుందని నేనైతే చెప్పలేను."

రింగ్ డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడు. పదడుగులు. చెబితే బౌట్ ఆగిపోతుంది, లైసెన్సు పోతుంది, బావ రింగ్‌లోకి ఎక్కకుండానే దిగిపోతాడు. దూది ఆ తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు. వెనక్కి వచ్చేశాడు. ఈ కథలో పాపం ఎక్కడుందని అడిగితే, ఆ గడియ దగ్గరే ఉంది.

మొదటి రౌండు బావదే. చేతులకి మతిమరుపు లేదు. అవతలివాడు ఎడమచేతివాటం మనిషి, వయసులో పదేళ్ళు చిన్న. వాడి కనుబొమ చీల్చి కన్ను మూసుకుపోయేలా కొట్టాడు బావ. జనం ఈలలు వేశారు. దూదికి ప్రాణం లేచొచ్చింది.

రెండో రౌండుకి స్టూల్ మీంచి లేచి, బావ తాడు పట్టుకున్నాడు. మోకాళ్ళు ఊగాయి. కాళ్ళు కుదుటపడేలోపే ఎడమచెయ్యి దవడ కింద తగిలింది. గోడ కదిలింది. తర్వాత జరిగింది కొట్లాట కాదు, కొట్టడం. కడుపులో, మెడ మీద, చెవి మీద. ఒక్కో దెబ్బకి చెమటా రక్తమూ కలిసి ముందు వరస కుర్చీల మీద చిందాయి. పెదవి రెండుగా చీలింది. బావ నోటి నుంచి పళ్ళ కవచం ఎగిరిపోయింది. అయినా పడలేదు.

మూడో రౌండుకి ముందు, బావ గాయం మీద మందుగుడ్డ నొక్కి పట్టుకుని దూది అడిగాడు. "బావా, ఎవరితో ఆడుతున్నావు?"

బావ వాచి మూసుకుపోని ఒక కన్నుతో చూశాడు. "లారీ వాడితోగా?"

"చాలు బావా."

"పళ్ళు రాలగొడతా."

గంట మోగింది. బావ నడి రింగ్‌కి వెళ్ళి చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు, బస్సు కోసం నిలబడ్డవాడిలా. ఒకటి. రెండు. మూడు. తల ఇటు నుంచి అటు కొట్టుకుంటోంది. రిఫరీ ఇంకా చూస్తూనే ఉన్నాడు. బావ కంట్లో నల్లగుడ్డు పైకి పోయి తెల్లగా కనబడగానే దూది భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. బావకిచ్చిన మాట గాల్లో విప్పుకుని రింగ్ మధ్యలో పడింది.

రిఫరీ చేతులు అడ్డంగా ఊపాడు. దూది తాళ్ళ సందులోంచి దూరి వెళ్ళి బావని కౌగిలించుకున్నాడు. బావ తువ్వాలు వైపు చూశాడు. తర్వాత దూది వైపు చూశాడు. ఆ క్షణంలో మాత్రం అతనికి అన్నీ గుర్తున్నాయి.

కుడిచెయ్యి నేరుగా నోటి మీదికి వచ్చింది. దూది వెల్లకిలా పడ్డాడు. లేవబోతే ఇంకొకటి, దవడ మీద. ముగ్గురు పట్టుకున్నా విడిపించుకుని మూడోది వేశాడు. దూది నాలుక కింద గట్టిగా రెండు తగిలాయి. ఉమ్మి చూస్తే ముందరి పళ్ళు.

బావ మాత్రం రింగ్‌లోంచి నిలబడే దిగాడు.

ఆస్పత్రిలో ఆ పూటా ఆ రాత్రీ గడిచి, తలకి స్కాన్ తీసి, ఇక జన్మలో రింగ్ ఎక్కకూడదని రాసిచ్చి, తెల్లారాక ఇంటికి పంపారు. వంటింట్లో అక్క గుడ్లు ఉడకబెడుతోంది. దూది దవడకి కట్టుతో, నోట్లో కుట్లతో బల్ల దగ్గర కూర్చున్నాడు. బావ ఎదుటి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తూ అడిగాడు.

"బౌట్ ఎప్పుడ్రా?"

"అయిపోయింది బావా."

"అవునా? పడ్డానా?"

"లేదు. నిలబడే దిగావు."

బావ ముఖం వికసించింది. ఇటు తిరిగాడు. అప్పుడు చూశాడు దూది మూతిని. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి, ఎవరినీ విప్పనివ్వని కట్టుగుడ్డల మీద ఎండిన మరకలు.

"ఎవడ్రా? నా బావమరిది మీద చెయ్యేసింది ఎవడు? పేరు చెప్పు. వాడి చేతులు విరిచేస్తా. చెప్పరా!"

అక్క పొయ్యి వైపే తిరిగి ఉండిపోయింది. ఉడికిన గుడ్లు ఒక్కొక్కటే తీసి చన్నీళ్ళలో వేసింది.

"గుర్తు లేదు బావా" అన్నాడు దూది.

"గుర్తు లేదా?" బావ నిర్ఘాంతపోయాడు. దగ్గరికి వచ్చి అతని తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందంటే దూదికి ఏడుపొచ్చింది. "అయ్యో, నీకూ మొదలైందేంట్రా ఇది?"

మూలనున్న కిట్‌బ్యాగు దగ్గరికి వెళ్ళి, వంగి, తడుముకుని, సీసా తీశాడు. అందులో మిగిలిన రెండు మాత్రలూ అరచేతిలో వంపుకుని దూది ముందు పెట్టాడు.

"నువ్వే వేసుకో. జ్ఞాపకశక్తికి మంచివట. నాకెవరూ ఇవ్వడం లేదులే."

దూది మాత్రలు అందుకున్నాడు. నోరు తెరవబోతే కుట్లు పీకాయి. అయినా తెరిచాడు.