పోయొస్త

"చెప్పులు బయటనే ఇడువు. బిందె ముట్టకు," అంది ఎల్లవ్వ. డ్యూటీ దిగి వచ్చిన కోడలికి రోజూ దొరికే పలకరింపు అదే. లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. మగ్గం నడిపే కొడుకు మహేశ్ మంచమెక్కి కూర్చున్నాడు. ఇల్లు గడవాలి గనుక సుమన కరోనా వార్డు ఊడ్చే పనికి కుదిరింది. ఆమె జీతానికి అంటు లేదు, ఆమెకే ఉంది. వాకిట్లో మెట్ల కింద చాప, విడిగా ఓ సత్తు పళ్లెం. వంట మాత్రం తలస్నానం చేసి ఆమే చేయాలి. పొయ్యి సెగకు రోగం చస్తుందని అత్త తేల్చేసింది.

కూతురు సంతోషి ఇంటరు అయ్యాక ఫోన్లో జపాన్ భాష నేర్చుకుంటోంది. అక్కడ ముసలివాళ్లను చూసుకునే కొలువు దొరుకుతుందట. ఒక సాయంత్రం తండ్రికి కొత్త మాట చెప్పింది.

"ఇత్తెకిమాస్ అంటే పోయొస్త అన్నట్టు, బాపూ. ఇల్లు దాటేటోళ్లు అనాలె. ఇంట్ల ఉన్నోళ్లు ఇత్తెరష్షాయ్ అనాలె, పోయిరా అని. అనకుంటే మర్యాద కాదట."

మెట్ల కింద తింటున్న సుమన చేతిలో ముద్ద ఆగింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ గడప మీద 'పోయొస్త' అంటూనే ఉంది. ఒక్కరైనా పోయిరా అన్నారా? 'వచ్చేటప్పుడు పాలు పట్టుకరా' అంటాడు మహేశ్. 'జల్ది రా, బోళ్లున్నయి' అంటుంది అత్త. రమ్మనేది మనిషిని కాదు, చేతుల్ని.

మర్నాటి నుంచి ఇంట్లో అదో ఆట అయింది. మహేశ్ గుట్కా కోసం గల్లీ చివరికి పోయినా ఇత్తెకిమాస్ అంటాడు, కూతురు నవ్వుతూ జవాబిస్తుంది. సుమనకూ ఆశ పుట్టింది. పొద్దున సిగ్గు చంపుకుని గడప మీద ఆ మాట అంది.

"వార్డు ఊడ్చేదానికి జపానోళ్ల ముచ్చట్లు గావాల్నా!" మహేశ్ పగలబడి నవ్వాడు. సంతోషి కూడా నవ్వింది. సుమనకు ఆ నవ్వే గుచ్చుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమెకే జ్వరం తగిలింది. మహేశ్ రెండు చీరలు మూటగట్టి బయట పెట్టాడు. "నయమైనంకనే రా. నీ ఎంబడి అందరం సావాల్నా?" అని తలుపేశాడు. తను ఊడ్చిన వార్డులోనే పడి ఆమె ఊపిరికి కొట్టుకుంటుంటే ఇంటి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. ఒకటో తారీఖున మహేశ్ చేశాడు, "జీతం పడ్డదా?" అని.

కోలుకున్నాక వార్డు సిస్టర్, పనివాళ్ల గదిలో ఆమెకో మంచం చూపించింది. ఉండిపొమ్మంది.

మిగతా బట్టల కోసం సుమన ఇంటికి వచ్చింది.

"వచ్చినవా? బోళ్లు కుప్పవడ్డయి. జల్ది తానం చెయ్యి," అంది ఎల్లవ్వ.

సుమన చీరలు, ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర ఆగి, "పోతున్న," అంది.

"థూ! పోతున్న అంటరా ఎవరన్న? పోయొస్త అను!" ఎల్లవ్వ లెంపలేసుకుంది. మహేశ్ మంచం దిగాడు. సుమన చెప్పులేసుకుంది.

సంతోషి గడప దాకా ఉరికొచ్చింది. "ఇత్తెరష్షాయ్, అమ్మా! ఇత్తెరష్షాయ్!" అని ఏడుపు గొంతుతో అరిచింది.

సుమన వెనక్కి తిరగలేదు. ఆ మాట ఎవరికి చెప్పేదో కూతురే నేర్పింది. పోయొస్త అన్నవాళ్లకు.