వీరాస్వామి ఎవరి వైపు చుట్టం

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో ఒక కిరాణా కొట్టు, భ్రమరాంబ అనే భార్య, పక్కనే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే హరిప్రియ అనే కూతురు, మా నాయనమ్మ చెప్పిన ఒక కథ. మొదటి మూడింటి వల్లా ఏదో ఒక రాబడి ఉండేది. కథ మాత్రం అమ్ముడుపోని సరుకులా మూల పడి ఉండేది.

కథ చిన్నదే. మన వీరాస్వామి కాకినాడలో ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లాడట. గుర్రబ్బండి మీద గుడ్డలూ సూదులూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడట. మళ్లీ రాలేదట. ఆయన మనకు ఏ వరసో నాయనమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

శేషాద్రి మా ఎదురుగా కొట్టు తెరిచి ‘పదిహేనేళ్ల నమ్మకం’ అని బోర్డు పెట్టాక నాకు ఆ సరుకు గుర్తొచ్చింది. అప్పుడే, సిడ్నీకి నాలుగు గంటల దూరంలోని ఒక చిన్న ఊరివాళ్లు తమ తొలి నివాసుల వారసుల కోసం వెతుకుతున్నారని తెలిసింది. వాళ్ల పాత శ్మశానంలో వీరాస్వామి పేరున, 1896లో వచ్చాడని చెక్కిన ఒక సమాధి రాయి ఉంది. ఆయన మా ముత్తాతకు స్వయానా అన్న అని రాసి పంపాను. బోర్డుకు అన్న అయితేనే బాగుంటుంది మరి. వాళ్లు “లవ్లీ” అని జవాబిచ్చారు.

వెంటనే ‘1896 నుంచి మీ సేవలో’ అని బోర్డు రాయించాను. హెలెన్స్‌బర్గ్ గుడిలో వీరాస్వామిగారి పేరున అన్నదానం చేయించి, మా పైడిపాల గోత్రంతో కలిపి మైకులో చదివించాను. సగం సిడ్నీ తెలుగువాళ్లు విన్నారు. శేషాద్రి విన్నాడు. పులిహోర రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఆ ఊరి సన్మానానికి పట్టుపంచె కట్టుకుని సకుటుంబంగా వెళ్లాను. మేయరు “వీరాస్వామి కుటుంబం” అని పిలిచింది. నేను లేచాను. అవతలి వరసలోంచి ఇంకో కుటుంబం లేచింది. అందులో ఉంగరాల జుట్టు కుర్రాణ్ణి చూసి హరిప్రియ మొహం పాలిపోయింది.

“లూక్? నువ్వేంటి ఇక్కడ?”

“వీరాస్వామి మా ముత్తాత నాన్న కదా” అని ఇంగ్లీషులో చెప్పాడు ఆ అబ్బాయి.

వీరాస్వామి ఇక్కడ ఒక ఐరిష్ అమ్మాయిని పెళ్లాడాడట. పిల్లలకు ఆమె ఇంటిపేరు బ్రేడీ వచ్చిందట. “దూరమైన అన్నదమ్ములు కలిశారు!” అని మేయరు ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు, మా అమ్మాయి తప్ప.

కారులో సంగతి బయటపడింది. లూక్ వెస్ట్‌మీడ్‌ ఆసుపత్రిలోనే ఫిజియో. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు.

“తెల్లవాడైనా సర్దుకునేదాన్నే” అంది భ్రమరాంబ. “ఒకే గోత్రమైతే ఎలాగే? అన్నాచెల్లెళ్లవుతారు!”

“అమ్మా, సీరియస్‌లీ? హండ్రెడ్ ఇయర్స్ బ్యాక్ ఎవరో...”

“వాళ్ల నాన్న, తాత, ముత్తాత, అంతా మగవాళ్ల వరసే. గోత్రం ఎక్కడికి పోతుంది? మైకులో చదివించింది మీ నాన్నే!”

“నేను లూక్‌నే చేసుకుంటా. నువ్వు రాకపోతే రిజిస్ట్రీలో. బట్ ఐ వాంట్ యూ దేర్, అమ్మా.”

భ్రమరాంబ కిటికీ వైపు తిరిగింది. ఒక బోర్డు కోసం నేను పెట్టిన పెట్టుబడి ఎంతో నాకప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే కాకినాడలో ఉన్న మా మేనత్త చాముండేశ్వరికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, సంగతంతా చెప్పాను. మా వంశంలో మిగిలిన పెద్దదిక్కు ఆవిడే.

“కుర్రాడు తాగుతాడా?”

“బీరు, అత్తా.”

“మీ మావయ్యా తాగేవాడు. ఏం చేస్తాడు?”

“కాళ్లూ కీళ్లూ పట్టేసినవాళ్లకి నడక నేర్పుతాడు.”

“నా మోకాళ్లు చూస్తాడా?”

“ఎందుకు చూడడు?”

“పిల్లకి ఇష్టమేనా?”

“ప్రాణం.”

అవతల అత్త గొంతు సవరించుకుంది.

“వీరాస్వామి మీ ముత్తాతకి అన్నేంట్రా, సన్నాసీ! మా నాయనమ్మ అచ్చియ్యమ్మకి తమ్ముడు. మీ ముత్తాతకి బావమరిది. వాళ్ల గోత్రమే వేరు.”

“నిజమేనా అత్తా?”

“కాదనడానికి నేను తప్ప ఇంకెవడు బతికున్నాడురా?”

భ్రమరాంబ అప్పటికే వేళ్లు మడుస్తోంది. “మీ తాతా ఆ అబ్బాయి ముత్తాతా బావాబావమరుదులు. వాళ్ల కొడుకులూ అంతే. మీరూ వాళ్ల నాన్నా అంతే. అంటే... ప్రియకి బావ వరస! మేనరికమే!”

“వెయిట్, కజిన్ అని తెలిశాక ఓకేనా?” అంది హరిప్రియ. “యక్!”

“కజినేంటే? బావ!”

మర్నాడే ఆ ఊరికి ఉత్తరం రాసి చుట్టరికం సరిచేశాను. బోర్డు దింపించాను. శేషాద్రి రోడ్డు దాటి వచ్చాడు.

“తాతగారిని రిటర్న్ ఇచ్చేశారటగా, రాజారావుగారూ?”

“ఎక్స్ఛేంజ్ అండీ.”

లూక్ వాళ్ల నాన్న శనివారం కొట్టుకొచ్చాడు. వీరాస్వామికి ఒక అక్క ఉందని వాళ్లెవరికీ తెలియదట. అచ్చియ్యమ్మ పేరు నాచేత నాలుగైదుసార్లు పలికించుకుని, తానూ పలికి చూసుకుని వెళ్లాడు.

పెళ్లిలో అల్లుడి కాళ్లు కడగడానికి నీళ్లు పోసింది భ్రమరాంబే. లెక్క తేల్చాను. పోయినవి: ముత్తాత అన్న ఒకరు, బోర్డు ఒకటి. వచ్చినవి: అల్లుడు, వియ్యంకుడు, అత్త మోకాళ్లకు వైద్యం. అన్నిటికన్నా ముందు రాసుకున్నది, పీటల మీద నా పక్కన భ్రమరాంబ.